రైట్ టర్న్ లేన్ అంటే మనకి 'రైట్' ఉన్న లేన్ కాదు



ఈ పోస్టు పెద్దది. మిరప కోతల రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదని తెలుసు. అయినా రాత్రి పడుకునే ముందు ఓ పావుగంట దీనికి ఇవ్వండి. చదివాక నన్ను తిట్టుకున్నా సరే. మా ఊళ్లో ఇప్పటికే తిడతన్నారు.

మా ఊరు చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, పదహారో నంబరు హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి. మా పెద్దోళ్లు ఇప్పటికీ దాన్ని ఐదో నంబరు రోడ్డనే అంటారు. పేరు ఏదైనా రోడ్డు అదే. ముందు రెండు లైన్లు, తర్వాత నాలుగు, ఇప్పుడు ఆరు. మా ఊరోళ్ల చేలు సగం రోడ్డుకి ఇవతల, సగం అవతల. రోజుకి రెండుసార్లన్నా ఆ రోడ్డు దాటనిదే మా ఊళ్లో పొయ్యి వెలగదు.

పోయిన నెల ఒక సాయంత్రం మిరప కోతకి పోయిన ముఠా ఆటోలో తిరిగొస్తంది. తొమ్మిది మంది ఆడోళ్లు, డ్రైవర్ కుర్రాడు. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చి మా అడ్డరోడ్డు దగ్గర డివైడర్ పక్కన ఉన్న టర్నింగ్ లేన్‌లోకి దిగాడు. అక్కడ ఆగలేదు. దిగిన ఊపులోనే కుడికి కోశాడు. ఒంగోలు వైపు నుంచి నేరుగా వస్తన్న కారు ఆటో వెనక చక్రాన్ని తగిలింది. ఆటో తిరిగి పడింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. కానీ ఒకామెకి తుంటి ఎముక విరిగింది. రోజుకూలి మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తన్న మనిషి. ఇప్పుడు మంచంలో ఉంది.

మర్నాడు రచ్చబండ దగ్గర పంచాయితీ. కారు ఆయన్ని కూడా పిలిపించారు. మా పెద్దమనుషులందరూ ఒకటే మాట. "అది మనకోసం వేసిన లేన్. మన ఆటో దాని లేన్‌లో అది ఉంది. కారువాడే ఆగాలి. కాబట్టి వాడే కట్టాలి."

నేను లేచి చెప్పా. "కారు స్పీడు మీద ఉంది, అది వాడి తప్పు. కానీ ముందు పోవాల్సింది కారే. ఆగాల్సింది మన ఆటో."

అంతే. "నువ్వు ఎవరి వైపయ్యా?" అని మా బాబాయే అడిగాడు. ఆరోజు నుంచి నలుగురు నాతో సరిగ్గా మాట్లాడటంలేదు. అక్కడ నన్ను పూర్తిగా చెప్పనీలేదు కాబట్టి ఇక్కడ రాస్తన్నా.

ఆ లేన్ ఎందుకు వేశారు?

చూసే ఉంటారు. కొన్ని అడ్డరోడ్ల దగ్గర డివైడర్‌ని కొంచెం లోపలికి కోసి, కుడివైపు ఒక బండి పట్టేంత వెడల్పున అదనంగా రోడ్డు వేస్తారు. నేల మీద కుడికి వంగిన తెల్ల బాణం గుర్తు గీస్తారు. మనోళ్లు ఆ బాణం చూసి "ఇటు పొమ్మని గవర్నమెంటే చెప్పింది గదా" అంటారు.

బాణం చెప్పేది ఒక్కటే. "ఈ లేన్‌లో ఉన్న బండి కుడికే తిరగాలి." ఎప్పుడు తిరగాలో అది చెప్పదు. మిరప యార్డులో మన టిక్కీలకి ఒక చోటు చూపించారనుకోండి. అక్కడ దించుకోమని దాని అర్థం. చోటు దొరికింది కదా అని పాట కాకముందే సరుకు అమ్ముడైపోదు గదా.

ఆ లేన్ వేసింది మన వెనక వచ్చేవాళ్ల కోసం. కుడికి తిరగాల్సిన ట్రాక్టర్ మెయిన్ లేన్‌లోనే ఆగితే వెనక నుంచి వచ్చే లారీ గుద్దేస్తది. అందుకని "నువ్వు ఇట్టా పక్కకి వచ్చి నిలబడు, ఖాళీ దొరికేదాకా ఆగు" అని ఒక చోటు ఇచ్చారు. అది నిలబడే చోటు. ఎదురుగా వచ్చే మూడు లైన్ల మీద అది మనకి ఏ హక్కూ ఇవ్వదు. రైట్ టర్న్ లేన్ అనే మాటలో 'రైట్' అంటే కుడి. మనం దాన్ని హక్కు అనుకున్నాం. తంటా అంతా అక్కడుంది.

రూలు ఏం చెప్తది?

1989 నుంచి రోడ్డు మీద ఎట్టా నడపాలో నియమాలు ఉన్నాయి. 2017లో కేంద్రం వాటిని మార్చి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలని కొత్తవి ఇచ్చింది. వాటిల్లో మనకి కావాల్సినవి నాలుగు ముక్కల్లో చెప్తా.

ఒకటి. కుడికి తిరిగే బండి ఎదురుగా నేరుగా వచ్చే బండికి దారి ఇవ్వాలి.

రెండు. సిగ్నలూ పోలీసూ లేని కూడలిలో మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్లకే ముందు దారి. ఊరి రోడ్డు నుంచి హైవే ఎక్కేవాడు అందరికంటే ఆఖరు. టర్నింగ్ లేన్ నుంచి ఊళ్లోకి తిరిగేవాడికి కూడా వాడు దారి ఇవ్వాలి.

మూడు. రెండూ సమానమైన రోడ్లయితే మన కుడివైపు నుంచి వచ్చే బండికి ముందు దారి.

నాలుగు. గుండ్రటి ఐలాండ్ ఉన్న సెంటర్లో, అప్పటికే చుట్టూ తిరుగుతున్న బండికి ముందు దారి.

ఇంతే. "ముందు వచ్చి నిలబడ్డోడు ముందు పోతాడు" అనే రూలు ఎక్కడా లేదు. "పెద్ద బండి ముందు" అనేది కూడా లేదు. ఈ రెండూ మనం రోడ్డు మీద సొంతంగా పెట్టుకున్న చట్టాలు.

మనోళ్లు చెప్పే మాటలు, నా సమాధానాలు

"కారువాడు మనల్ని చూసి బ్రేకు వేస్తాడులే" అంటారు.

లెక్క వేద్దాం రండి. నాలుగు లైన్లు, ఆపైన ఉన్న హైవేల మీద కార్లకి కేంద్రం ఇచ్చిన గరిష్ఠ వేగం గంటకి 100 కిలోమీటర్లు. అంటే సెకనుకి సుమారు 28 మీటర్లు. డ్రైవర్ మనల్ని చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీద పెట్టేలోపు రెండు సెకన్లు పోతే 56 మీటర్లు అయిపోయినట్టే. బ్రేకు పట్టేది ఆ తర్వాత.

ఇప్పుడు మన సంగతి. ఒక్కో లేన్ మూడున్నర మీటర్లు. మూడు లేన్లు, ఆ పక్క అంచు కలిపి సుమారు 13 మీటర్లు దాటాలి. ట్రాక్టరూ ట్రక్కూ కలిపి పొడవు 9 మీటర్లనుకోండి. ట్రక్కు తోక కూడా దాటాలంటే మొత్తం 22 మీటర్లు. లోడు మీద, ఆగి ఉన్న చోటు నుంచి కదిలితే గంటకి 8 కిలోమీటర్ల వేగం వస్తే గొప్ప. అంటే పది సెకన్లు పడతది. ఆ పది సెకన్లలో కారు 280 మీటర్లు వచ్చేస్తది.

హైవే పక్కన 200 మీటర్లకి ఒక చిన్న రాయి ఉంటది, చూడండి. లోడు ట్రాక్టర్‌తో తిరగాలంటే కనీసం రాయిన్నర దూరం ఖాళీగా కనపడాలి. ఆటోకయినా అందులో సగం కావాలి. మన మనిషి ఆరోజు ఎంత దూరం చూసుకుని తిరిగాడు? యాభై గజాలు కూడా చూడలేదు.

"లారీ డ్రైవర్ ఆగి చెయ్యి ఊపాడు, పొమ్మన్నాడు" అంటారు.

మంచోడే. కానీ వాడు ఇవ్వగలిగింది వాడి ఒక్క లేన్. మిగతా రెండు లేన్లు వాడి సొత్తు కాదు. లారీ ఆగిందని మనం కదుల్తాం. లారీ పక్క నుంచి కారో బైకో దూసుకొస్తది. దానికి మనం కనపడం, మనకి అది కనపడదు, మధ్యలో లారీ అడ్డం. నాకు తెలిసిన దెబ్బల్లో ఇట్టాంటివి చాలా ఉన్నాయి. లారీవాడు చెయ్యి ఊపితే నమస్కారం పెట్టండి. లారీ ముక్కు దాకా వచ్చి మళ్లీ ఆగండి. తొంగి చూసి, రెండో లేనూ మూడో లేనూ ఖాళీ అయితేనే పొండి.

"డిప్పర్ కొట్టాడు, అంటే రమ్మన్నట్టే గదా" అంటారు.

కొన్ని దేశాల్లో లైటు కొడితే నువ్వు పో అని మర్యాద చెప్పినట్టు. మన హైవే మీద నూటికి తొంభైమంది కొట్టేది "నేను వస్తన్నా, ఆగను, నువ్వే ఆగు" అని. ఒకే లైటుకి రెండు అర్థాలున్నప్పుడు ప్రాణం పణంగా పెట్టి మంచి అర్థం తీసుకోవద్దు. లైటు పడితే ఆగడమే.

"నేను కుడి ఇండికేటర్ వేశా గదా" అంటారు.

మన లారీలోళ్లు, ట్రాక్టరోళ్లు ఈ ఇండికేటర్‌ని ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. వెనకోడికి "ఓవర్‌టేక్ చేసుకో" అని చెప్పడానికి కొందరు వేస్తారు, "ఇప్పుడు రావద్దు" అని చెప్పడానికి ఇంకొందరు వేస్తారు. అందుకని మనం నిజంగా తిరగడానికి వేస్తే వెనక బైకోడు ఓవర్‌టేక్ చేయమన్నారని కుడివైపు నుంచే వచ్చి ముందు చక్రం కింద పడతన్నాడు. ఇండికేటర్ అంటే తిరగబోతున్నా అని ఒక్కటే అర్థం ఉండాలి. అది ముందు మన ఊరి ట్రాక్టర్ల దగ్గర మొదలవ్వాలి. వేసినా సరే, అది ఎదుటోడికి కబురే గానీ ఆర్డరు కాదు.

"టౌన్‌లో గ్రీన్ పడ్డాక కూడా ఆగాలా?" అని ఒక కుర్రాడు అడిగాడు.

మంచి ప్రశ్న. గ్రీన్ రెండు రకాలు. కుడివైపు బాణం ఆకారంలో గ్రీన్ పడితే ఎదురు వాళ్లకి రెడ్ పడి ఉంటది, మన మలుపు మనదే. ఉత్త గుండ్రటి గ్రీన్ పడితే ఎదురు వాళ్లకి కూడా గ్రీన్ ఉండొచ్చు. అప్పుడు నేరుగా పోయేవాడు ముందు, కుడికి తిరిగేవాడు తర్వాత. యార్డుకి సరుకు తీసుకుపోయినప్పుడు గుంటూరులో ఇది గుర్తుపెట్టుకోండి. పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే జాగ్రత్తగా చూసుకుని పొమ్మని. ఎవరికీ ఏ హక్కూ ఇచ్చినట్టు కాదు.

ఇది మన దేశంలోనే ఉన్న గోల కాదు. మా తమ్ముడి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి మనకి కుడి మలుపు ఎట్టాగో వాళ్లకి ఎడమ మలుపు అట్టా. అక్కడా టర్నింగ్ లేన్ ఉంది, అక్కడా గుండ్రటి గ్రీన్ ఉంది. కానీ చాలాచోట్ల సిగ్నల్ పక్కనే బోర్డు కట్టి రాస్తారంట, గ్రీన్ ఉన్నా ఎడమకి తిరిగేవాడు ఎదురు వాళ్లకి దారి ఇవ్వాలని. లైసెన్సుకి ముందు పరీక్షలో కూడా ఇది అడుగుతారంట. వాడు నవ్వి, "పెదనాన్నా, ఇండియాలో పదేళ్లు బైకు నడిపా, ఈ రూలు ఉందని ఇక్కడికొచ్చాకే తెలిసింది" అన్నాడు. అది వాడి సిగ్గు కాదు. మనందరిది.

కళ్లకి కనపడని ఇంకో ప్రమాదం

మా అడ్డరోడ్డు దగ్గర రెండు వైపులా టర్నింగ్ లేన్లు ఎదురెదురుగా ఉన్నాయి. అటు లారీ నిలబడితే, ఇటు ట్రాక్టర్ నిలబడితే ఒకరికొకరు తెర. లారీ వెనక నుంచి నేరుగా వచ్చే బండి మనకి అస్సలు కనపడదు. "ఎదురు లారీ కూడా ఆగే ఉంది గదా, రోడ్డు ఖాళీ" అనుకుంటాం. అది ఖాళీ కాదు, కనపడటం లేదంతే. దానికి తోడు డివైడర్ మీద గన్నేరు చెట్లు మనిషెత్తు పెంచారు. రాత్రి ఎదురు లైట్లు కళ్లల్లో పడకుండా అవి మంచివే. కానీ మలుపు దగ్గర కూడా అంతే ఎత్తు ఉంటే బైకు మీద వచ్చేవాడు ఆకుల్లో నుంచి ఊడిపడ్డట్టు ఉంటాడు.

ఇంకోటి. రెండు కిలోమీటర్లు ముందుకి పోయి తిరిగి రావడం బద్ధకమై మనోళ్లు రాంగ్ సైడులో వస్తారు. నేనూ వచ్చా. డీజిల్ మిగుల్తదని సాకు. 2019లో చట్టం మార్చినప్పుడు ఎదురు దారిలో నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద రాశారు. మొదటిసారే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కొన్ని ఊళ్ల దగ్గర డివైడర్ రాళ్లు పీకి సొంతంగా గ్యాప్ చేసుకున్నారు. అక్కడ టర్నింగ్ లేనూ లేదు, లైటూ లేదు, బోర్డూ లేదు. వచ్చేవాడికి అక్కడ మనిషి ఉంటాడని కలలో కూడా తెలియదు. ఆ గ్యాప్ పెట్టింది మనమే, దాంట్లో పడేదీ మనమే.

నా తప్పు కూడా చెప్పుకుంటా

నేను ఋషిని కాదు. ఐదారేళ్ల కింద నలభై టిక్కీల కొత్త కాయలతో యార్డుకి బయల్దేరా. దారిలో మా బావమరిది ఊరి దగ్గర ఇంకో పది టిక్కీలు ఎక్కించుకుందామని టర్నింగ్ లేన్‌లోకి దిగా. లేన్ పొడవు చూసుకోలేదు. ముందు ఇంకో మినీ లారీ ఉంది. దాని వెనక ట్రాక్టర్ ఆపితే నా ట్రక్కు తోక మెయిన్ లేన్‌లో మిగిలింది. నాకు తెలుసు, చూశా కూడా. "ఒక నిమిషమే గదా" అనుకున్నా. వెనక వచ్చిన లారీ చివర్లో తిప్పాడు గానీ, ట్రక్కు మూలని గీసుకుంటూ పోయాడు. ఎనిమిది టిక్కీలు పగిలి కాయలు రోడ్డు మీద పరుచుకున్నాయి. ట్రక్కు మీద మా చిన్నోడు కూర్చుని ఉన్నాడు, అప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. కింద పడలేదు. అంతే, అదృష్టం అంటే ఇంకేం లేదు.

ఆరోజు నేను లారీవాడిని బూతులు తిట్టా. పదిమందీ నా వైపే మాట్లాడారు. ఇంటికొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. తప్పు నాదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తన్నా.

కోర్టులో రచ్చబండ తీర్పు చెల్లదు

"మనోడి పక్షాన నిలబడాలి గదా" అంటాడు మా బాబాయ్. నిలబడదాం. కానీ ఎట్టా నిలబడితే మనోడికి మేలు?

దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చేది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. అక్కడ అడిగేది లేన్ ఎవరిదని కాదు, జాగ్రత్త ఎవరు తప్పారని. దెబ్బ తగిలిన డ్రైవర్ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకి పరిహారంలో కోస్తారు. కుటుంబ పెద్ద పోయి, ఆ కోత కూడా పడితే ఆ ఇల్లు ఏమవుతది? ఆటోలో పర్మిట్‌కి మించి ఎక్కించినా, వ్యవసాయానికి ఇన్సూరెన్స్ ఉన్న ట్రాక్టర్ ట్రక్కులో కూలీల్ని ఎక్కించినా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టనని కొట్లాడతది. ఏళ్ల తరబడి తిరగాల్సింది మన ఆడోళ్లే.

అటువైపు చూడండి. మనం అడ్డంగా తిరిగినందుకు ఎదురు బైకు మీద వచ్చే కుర్రాడు పోతే? 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. పాత చట్టంలో రెండేళ్లే. వాడూ ఎవరో రైతు కొడుకే అయి ఉంటాడు.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క చెప్పింది. అందులో 61 వేల మంది నేషనల్ హైవేల మీదే. హైవే పక్క ఊళ్లల్లో ఉన్నది మనం.

ఇప్పుడు అసలు దోషుల సంగతి

ఇంతవరకు మనల్ని మనం తిట్టుకున్నాం. ఇంక ఆఫీసర్ల వంతు. లేకపోతే "రైతులకి బుద్ధి లేదు" అని వాళ్లు చేతులు దులుపుకుంటారు.

రూలు తెలియని మనిషిది సగమే తప్పు. రూలు చెప్పనివాడిది మిగతా సగం. ఎనిమిది అంకె మీద బైకు తిప్పించి లైసెన్సు చేతిలో పెట్టారు. కుడి మలుపులో ఎవరు ముందని మనలో ఎంతమందిని అడిగారు? నన్నయితే అడగలేదు.

అడ్డరోడ్డు దగ్గర ఊరి పేరు ఉన్న పచ్చ బోర్డు ఉంది. "ఎదురు బండికి దారి ఇవ్వండి" అని తెలుగులో ఒక్క బోర్డు లేదు. ట్రాక్టరూ ట్రక్కూ రెండు జతలు నిలబడేంత పొడవు టర్నింగ్ లేన్ లేదు. మిరప సీజన్లో ఒక్కో అడ్డరోడ్డు దగ్గర ఐదారు బళ్లు నిలబడతాయని ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెప్తారు. కార్లు తిరగడానికి గీసిన కొలతలు పత్తి బోరేలకి, టిక్కీల లోడుకి సరిపోవు. లైటు స్తంభం ఉంటది, వెలగదు. నేల మీద బాణం అరిగిపోయి రెండేళ్లు.

చట్టం వాళ్లని కూడా వదల్లేదు. 2019 సవరణలో 198ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా, దానికి బాధ్యులైన అధికారులకి, కాంట్రాక్టర్లకి లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రాణానికి లక్ష అనేది నాకు నచ్చలేదు. కానీ బాధ్యత వాళ్లదని కాగితం మీద ఉంది. మనం అడగం. ఎందుకంటే మనం కారువాడి కాలర్ పట్టుకోవడంతోనే పంచాయితీ ముగించేస్తాం. కారువాడు పదివేలు ఇచ్చి పోతాడు. అడ్డరోడ్డు అట్టాగే ఉంటది. వచ్చే సీజన్‌కి ఇంకో ఆటో.

మా బాబాయ్‌కి నేను చెప్పాలనుకున్నది ఇదే. తప్పు మనది కాదని మొండికేస్తే కారువాడి దగ్గర పదివేలు రావచ్చు. తప్పు ఒప్పుకుంటేనే బోర్డూ, లైటూ, అండర్‌పాసూ అడిగే నోరు వస్తది.

ఏం చేద్దాం?

మన చేతిలో ఉన్నవి ముందు.

టర్నింగ్ లేన్‌లోకి దిగితే చక్రం పూర్తిగా ఆగాలి. ఖాళీగా కనపడినా ఆగాలి. ఆగాకే చూడాలి.

ఆగినప్పుడు స్టీరింగ్ నేరుగా ఉంచండి. ముందే కుడికి తిప్పి పెట్టుకుంటే, వెనక నుంచి ఎవరన్నా తగిలితే మన బండి పోయి ఎదురు లేన్లో పడతది.

ట్రక్కు తోక లేన్‌లో పట్టకపోతే అక్కడ ఆగొద్దు. ముందుకి పోయి తర్వాతి మలుపులో తిరగండి. లీటరు డీజిల్ పోతే పోయింది.

ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అతికించండి. ఖర్చు ఒక టీ పార్టీ అంత కూడా కాదు.

కూలీల ఆటో మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు ఇది కూడా చెప్పండి: అడ్డరోడ్డు దగ్గర ఆగి తిరగాలి, రాంగ్ సైడు రాకూడదు. ఆటో మాట్లాడేది మనం, వాళ్లు పోయేది మన చేలోకి. ఆ తొమ్మిది మంది బరువు మన మీద కూడా ఉంది.

తర్వాత, అందరం కలిసి చేయాల్సింది. గ్రామసభలో తీర్మానం రాయించండి. తెలుగు బోర్డు, పొడవాటి టర్నింగ్ లేన్, వెలిగే లైటు, మలుపు దగ్గర చెట్లు కొట్టించడం, వీలైతే అండర్‌పాస్, సర్వీసు రోడ్డు. ఫొటోలు పెట్టండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటది, దానికి ఒక కాపీ. హైవే ఆఫీసుకి ఒక కాపీ. రసీదు తీసుకోండి. హైవే మీద ఏ అత్యవసరమైనా 1033 నంబరు ఉంది, అందరి ఫోన్లలో పెట్టుకోండి.

మా ఊరి తీర్మానం నేను రాసి పెట్టా. సంతకాలు పదకొండే వచ్చాయి. మిగతావాళ్లు "నువ్వు కారువాడి మనిషివి" అంటన్నారు.

నిన్న ఆ తుంటి విరిగినామెని చూడటానికి పోయా. ఆమెకి నా మీద కోపం ఉంటదని భయపడతానే పోయా. కూర్చోమంది. "అన్నా, తప్పెవరిదో మీరు మీరు తేల్చుకోండి. నేను వెనక సీట్లో కూర్చున్నా, నాకు రోడ్డే కనపడలా" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. తీర్మానం కాగితం జేబులో ఉంటే తీసి చూపించా. వేలిముద్ర వేసింది. పన్నెండోది ఆమెదే.

మీ ఊరి అడ్డరోడ్డు దగ్గర ఎట్టా ఉందో కింద రాయండి. ఫొటో ఉంటే పెట్టండి. నాతో విభేదిస్తే అది కూడా రాయండి, తిట్లు మాత్రం తగ్గించండి, ఇంట్లో పిల్లలు చదువుతున్నారు.

రేపు పొద్దున మీ ట్రాక్టర్ ఆ లేన్‌లో దిగినప్పుడు ఒక్కసారి ఆగండి.

ఉంటా.